కాళ్లు తెగిన బల్ల మీది వైసు

కరోనా రావడానికి ముందటి వేసవిలో నన్ను కోట అనే ఊరు దాటాక సముద్రం వైపున్న మా నీటిపారుదల శాఖ వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా వేశారు. కాలువ తూములకుండే ఇనుప తలుపులు, వాటిని ఎత్తే మరకడ్డీలు, నీటి పంపులు బాగుచేసే చోటది. ఫోర్‌మన్ అంటే ఇంజనీరుకు కింద, ఫిట్టర్లకు పైన. రెండు వైపుల నుంచీ మాటలు పడే హోదా. అయినా ఆ ఊరు తలుచుకుంటే నాకు పడ్డ మాటలేవీ గుర్తుకు రావు. భోజనాలయ్యాక సరుగుడు తోపు మీదుగా వచ్చే ఉప్పుగాలీ, షెడ్డులో ఎవరో ఆకురాయితో ఇనుము రుద్దే చప్పుడూ గుర్తొస్తాయి. కునికిపాట్లు పడుతూ వింటే ఏది అలో, ఏది ఆకురాయో తెలిసేది కాదు.

చేరగానే పాత గోడౌను ఖాళీ చేయించే పని నాకు అప్పగించారు. పనికొచ్చేదేదో, తుక్కేదో నేను తేల్చాలి. తుక్కంతా వేలానికి పోతుంది. ఒక మూల పొట్టి చెక్కబల్ల, దానికి బిగించిన బెంచి వైసు కనిపించాయి. చేసే ముక్కను రెండు దవడల మధ్య కదలకుండా పట్టి ఉంచేది వైసు. అది లేకపోతే ఫిట్టరుకు చేతులు లేనట్టే. ఈ వైసు దవడలు మూసుకుపోయి, పిడి పట్టుకుని వేలాడినా కదల్లేదు. సీనియర్ ఫిట్టరు పెంచలయ్య చూసి, బల్ల కాళ్లు చెద తినేసింది, వైసు తుప్పుతో బిగుసుకుపోయింది, ఇక లాభం లేదన్నాడు. నేను సుద్దముక్కతో దాని మీద అడ్డగీత గీశాను. తుక్కుకు మా గుర్తు అదే.

ఆ సాయంత్రం సలోమి వచ్చింది. ఆమె భర్త అక్కడే ఫిట్టరుగా పనిచేస్తూ జ్వరంతో పోయాడు. కారుణ్య నియామకం కింద ఆమెను హెల్పరుగా తీసుకున్నారు. ఆ పోస్టు ఇప్పుడు రద్దవుతోంది. నెల్లూరులో జరిగే ట్రేడ్ టెస్టు, అంటే చేతిపని పరీక్ష, పాసైతే ఫిట్టరుగా ఇక్కడే ఉంటుంది. తప్పితే ఏదో ఒక ఆఫీసుకు అటెండరుగా పోవాలి. సాధన చేసుకుందామంటే వైసులన్నీ ఫిట్టర్ల చేతుల్లో ఉండేవి. వాళ్లు టీకి లేచినప్పుడే ఆమెకు సందు దొరికేది.

“దాన్ని తుక్కులో వేయబాకండి సార్, నేను బాగు చేసుకుంటాను. ఆఫీసులో టీలు మోసే పని నాకొద్దు. ఆయన చేసిన పనే నాకు కావాల” అంది.

పెంచలయ్య ఊరుకుంటాడా? “నువ్వు రుద్దిన ముక్క ఇడ్లీ మాదిరి ఉండాది. వైసు దొరికితే మాత్రం చదునవతాదా అమ్మా?” అన్నాడు.

ఎగతాళి చేసినా ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆకురాయి నేలకు సమంగా ముందుకు పోవాలి. ఊగితే అంచులు అరిగిపోయి ముక్క నడుమ ఉబ్బుగా మిగులుతుంది. సలోమి రుద్దిన ప్రతి ముక్కా అలాగే తయారయ్యేది. ఆమె చెయ్యి ఇంతేనని అందరూ తీర్మానించేశారు. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి నాకు జాలేసింది. జాలితో తుక్కు గుర్తు చెరపకూడదు కనుక, ముందు ఆ వైసు ఏ జాతిదో తేల్చుకుందామన్నాను.

మా వర్క్‌షాపులో ఒక ఆచారం ఉంది. ఆయుధపూజకు ముందు ఒక డబ్బా, ఒక బ్రష్షు పట్టుకుని కనిపించిన ఇనుముకల్లా రంగు వేసేయడం. పనిలో ఉన్నదా, మూలన పడ్డదా అని చూసేది లేదు. విప్పేది లేదు, పాతరంగు గీకేది లేదు. ఏటా ఆ పని పెంచలయ్యదే. నేను గోనెసంచుల్ని చాకలిసోడా నీళ్లలో తడిపి వైసుకు చుట్టించాను. మర్నాటికి రంగు పొరలుపొరలుగా ఊడి వచ్చింది. వెండిరంగు కింద ఆకుపచ్చ, దాని కింద నీలం, మళ్లీ వెండి. ఎన్ని దసరాలు! నేను చూడని పండగలన్నీ నా అరచేతిలో పెంకులుగా రాలుతుంటే వింతగా అనిపించింది. అడుగున ఇనుము నిగనిగలాడుతూ ఉంది. ఉప్పుగాలి దాన్ని తాకనే లేదు. దవడల్ని పట్టి ఉంచింది తుప్పు కాదు, సందుల్లో దిగి గడ్డకట్టిన రంగు. పెంచలయ్య చేసిన తప్పే దాన్ని కాపాడిందన్నమాట. ఆ సంగతి ఆయనతో అంటే, “అందుకే గదా సార్ నేను ఏటా వేసింది” అన్నాడు తడుముకోకుండా.

చేసిన కంపెనీ పేరు చెరిగిపోయింది. అడుగున చిన్న బెజ్జం వేసి చూశాను. పోత ఇనుమైతే నల్లని పొడి రాలుతుంది. ఇక్కడ సన్నని చుట్టలు లేచాయి. అంటే పోత ఉక్కు, సమ్మెట దెబ్బకు కూడా పగలని రకం. సుద్దగీత చెరిపేశాను. సలోమి సందుల్లో డీజిలు పోస్తూ, కొయ్యసుత్తితో చుట్టూ తడుతూ కొన్నాళ్లు దాని వెంటే తిరిగింది. ఒక మధ్యాహ్నం పిడి గిర్రున తిరిగింది. ఆమె కేక విని నా కునుకు ఎగిరిపోయింది.

వైసు మామూలు ఎత్తు బల్ల మీదికి మారుద్దామని మరలు విప్పి, పొట్టిబల్లను తిరగేశాం. కాళ్లు చెద తిన్నవి కావు. నాలుగూ ఒకే ఎత్తున రంపంతో కోసి ఉన్నాయి, అంచులు పగలకుండా నున్నగా గీసి మరీ. ఎవరో కావాలనే కోశారు. నేను వైసు జాతి వెతికాను గాని దాని ముందు నిలబడిన మనిషి గురించి ఆలోచించలేదు. ఎవరో పొట్టివాడు, ఇదే గాలిలో, ఇదే అలల చప్పుడులో, బల్లను తన ఎత్తుకు తెచ్చుకున్నాడు. ఆ కాసేపూ అతను షెడ్డు గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూస్తున్నట్టే ఉంది నాకు.

వైసు దవడల పైఅంచు పనివాడి మోచేతికి సరిగ్గా రావాలి. ఇది మా వృత్తిలో మొదటి పాఠం. బల్లలన్నీ ఒకే ఎత్తున వస్తాయి కాబట్టి ఎవరికీ గుర్తుండదు. పొట్టిగా ఉండే సలోమిని పెద్ద బల్ల ముందు నిలబెడితే దవడలు రొమ్ముదాకా వచ్చాయి. భుజాలెత్తి రుద్దితే ఆకురాయి ఊగక ఏం చేస్తుంది? వైసును మళ్లీ పొట్టిబల్లకే బిగించాం. మోచెయ్యి అతికినట్టు సరిపోయింది. కొన్నాళ్లకు ఆమె ఆకురాయి చప్పుడు మారింది. ముక్క మీద చదును చూసే మట్టపుపలక ఆనిస్తే అది అటూ ఇటూ ఆడడం మానేసింది.

కాని పరీక్ష నెల్లూరులో, అక్కడివన్నీ ఎత్తు బల్లలే. ఆ మాట గుర్తొచ్చి పెంచలయ్యతో అన్నాను. మర్నాడు ఆయన, ఇనుపవి రాకముందటి తూము తలుపు చెక్కలతో, ఎక్కి నిలబడడానికి ఒక పీట చేసుకొచ్చాడు. చుట్టూ వెండిరంగు వేశాడు, పైభాగం మాత్రం వదిలేశాడు. “పాదం జారకూడదు గదా” అన్నాడు.

అభ్యర్థి వెంట ఫోర్‌మన్ వెళ్లాలన్నది నిబంధన, కనుక నేనూ వెళ్లాను. పరీక్షాధికారి పీట చూసి ఇదేమిటని గద్దించారు.

“మా కాడ బల్లకి కాళ్లు కోసుండారు సార్. మీ బల్ల కొయ్యకూడదు గదా, అందుకని నేనే పైకెక్కినాను” అంది సలోమి.

ఆయన నవ్వలేదు, పీట తీయమనీ అనలేదు. ఒకదానిలో ఒకటి ఇమిడేలా రెండు ముక్కలు రుద్దడం పరీక్ష. సాయంత్రం ఆమె ఇచ్చిన జతను కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు. వాటి మధ్య సందులోంచి వెలుగు రాలేదు. అంటే పాసే. ఆ చిన్న చీకటిగీత చూసి పొందినంత సంతోషం నా ప్రమోషన్లకూ పొందలేదు.

ఆ కాళ్లు కోసిందెవరో ఎంత విచారించినా తెలియలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఫలానా మనిషికి చెయ్యి కుదరడం లేదని ఎవరు చెప్పినా, ముందు ఆ మనిషిని బల్ల దగ్గర నిలబెట్టి మోచెయ్యి ఎక్కడికొస్తుందో చూశాను. చెయ్యి సంగతి ఆ తర్వాత.