టోఫు నూడుల్స్‌లో తువ్వాలు తాళింపు

కోవూరులో ఉన్న నా మేనకోడళ్లూ, మేనల్లుళ్లూ! ఈ సంగతి మీకింకా ఎవరూ చెప్పి ఉండరు. మొన్న శనివారం మీ మామయ్య చైనీస్ టోఫు నూడుల్స్ వండాడు. ఆ వంటలో బాగా వేగింది మాత్రం ఒక్కటే, నా తువ్వాలు!

మీ అత్తకు విశాఖలో టీచరు ఉద్యోగం. మా పిల్లలు షారోను, జోయెలు ఆమె దగ్గరే ఉంటారు. నేనేమో ఇక్కడ మైపాడు దగ్గర హేచరీలో రొయ్య పిల్లల్ని పెంచుతూ, సొంత పిల్లల్ని ఫోన్‌లో పెంచుతుంటాను. "తలుపు గడియ వేశారా? గ్యాస్ కట్టేశారా? ఇంకోసారి చూడండి." పొద్దునా ఇదే, రాత్రీ ఇదే!

శుక్రవారం సాయంత్రం షారోను ఫోన్ చేసింది. "నాన్నా, రేపు అమ్మ ట్రైనింగ్‌కి పోతుంది. మధ్యాహ్నం మేమే టోఫు నూడుల్స్ చేసుకుంటాం. పది నిమిషాల పని!"

నాకు చెమటలు పట్టాయి. స్టవ్! కాగే నూనె! పక్కనే తొమ్మిదేళ్ల జోయెలు!

"వద్దమ్మా, పెరుగన్నం తినండి."

"ఎప్పుడూ పెరుగన్నమేనా? నాకు పద్నాలుగేళ్లు నాన్నా! రేపు సరిగ్గా చేస్తే ఇకమీదట స్టవ్ వెలిగించనిస్తావా?"

సరే, పరీక్ష పెడదామనుకున్నాను. వీడియో కాల్‌లో నేనిక్కడ వండుతాను, వాళ్లు నన్ను చూసి అక్కడ వండాలి. ఒక్క పొరపాటు జరిగినా మళ్లీ పెరుగన్నమే!

పొద్దున్నే నెల్లూరు పోయి టోఫు తెచ్చాను. చూపుకు పన్నీరే గానీ, ముట్టుకుంటే వణుకుతోంది. నాలాగే.

వెలిగించే ముందు రూల్స్ చెప్పాను. స్టవ్ దగ్గర బకెట్ నిండా నీళ్లుండాలి. షారోను జడ ముడేసుకోవాలి. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు, డౌట్ వస్తే చెయ్యెత్తాలి. వాళ్లు బకెట్ చూపించారు. నా పక్కన ఉందా అంటారా? నేను పెద్దవాణ్ణి కదా!

చిన్న ప్రార్థన చేసుకుని స్టవ్‌లు వెలిగించాం. నూడుల్స్ ఉడికాయి, వార్చేశాం. వెల్లుల్లి, ఉల్లికాడలు, క్యాప్సికం చిటపటలాడాయి. నూడుల్స్ వేసి సోయాసాస్ పోశాం. అబ్బ, ఏం వాసన! ఆఖర్న టోఫు ముక్కలు పడ్డాయి. షారోను గరిటె తీసుకుంది.

"ఆగు! గరిటె పెట్టొద్దు, ముక్క చిదురైపోతుంది! చేపల పులుసులో ముక్కలేశాక గరిటె పెడతామా? మూకుడు చెవులు పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. ముందు నన్ను చూడండి, ఇట్టా!"

భుజం మీది తువ్వాలు తీసి, రెండు కొసలతో మూకుడు చెవులు రెండూ పట్టుకున్నాను. తువ్వాలు నడుమ భాగం కింద మంట ముందు ఉయ్యాల ఊగుతోంది. నా కళ్లేమో ఫోన్ మీద, వాళ్ల మంట మీద!

"షారోనూ, సిమ్‌లో పెట్టు! జోయెలూ, దూరంగా జరుగు!"

జోయెలు చెయ్యెత్తాడు.

"డౌట్లు ఆఖర్న."

వాడు రెండో చెయ్యి కూడా ఎత్తాడు. ఎంత క్రమశిక్షణో నా కొడుక్కి అని మురిసిపోయాను!

"నాన్నా, తువ్వాలు!" షారోను అరిచింది.

"మధ్యలో మాట్లాడొద్దన్నానా? చూడండి, ఎట్టా తిరుగుతోందో. వాసన కూడా..."

వాసన! కిందికి చూశాను. తువ్వాలు భగ్గుమంటోంది!

మూకుడు వదిలేసి, తువ్వాలు కొస పట్టుకుని బయటికి పరిగెత్తాను. పక్కింటి మస్తానమ్మక్క పంపు దగ్గర చేపలు కడుగుతోంది. "ఓరి నాయనో, తగలబడతా ఉండావు అబ్బయా!" అంటూ చేపలు కడిగిన నీళ్లు బేసిన్‌తో సహా ఎత్తి పోసింది. తువ్వాలు మీద కొన్ని. మిగతావన్నీ నా మీద. మీసాల నిండా పొలుసులు!

లోపల ఫోన్ అరుస్తోంది. "గ్యాస్! గ్యాస్ కట్టెయ్యండి!"

అక్క లోపలికి పరిగెత్తింది. "ఎవురది? మడిసే కనపళ్లేదే?"

"ఫోన్‌లో ఆంటీ! మేం ఆయన పిల్లలం! స్టవ్ కట్టెయ్యండి! సిలిండర్ దగ్గర కూడా! ఇంకోసారి చూడండి!"

తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడి విన్నాను. అది నా మాటే!

అక్క మూకుట్లోకి తొంగి చూసింది. "ఏందబ్బయా ఇది? చేపల వల తగలబెట్టి పెట్టినట్టుండాది!"

ఫోన్‌లో వాళ్ల ప్లేట్లు కనిపించాయి. ఒక్క టోఫు ముక్క విరగలేదు!

"ఎట్టా తిప్పావమ్మా?"

"గరిటెతోనే నాన్నా. మెల్లగా."

పరీక్ష పాసయ్యారు. స్టవ్ వాళ్లదే. తువ్వాలు సంగతి అమ్మకు చెప్పబోమని వాళ్లంతట వాళ్లే మాటిచ్చారు. కానీ నాకూ ఒక రూల్ పెట్టారు, వాళ్లకు వీడియో కాల్ చెయ్యకుండా నేను స్టవ్ వెలిగించకూడదు. నిన్న టీ పెట్టుకుందామని కాల్ చేస్తే జోయెలు అంటాడూ, "ముందు బకెట్ చూపించు నాన్నా!"

ఇక మీ అత్త, "మా ఆయన ఫోన్‌లోనే ఎంత జాగ్రత్తగా వంట నేర్పించాడో!" అని స్కూలంతా చెప్పుకుంటోందట. నిజం చెప్పేద్దామని ఫోన్ చేస్తాను, ఆ మెచ్చుకోలు విని పెట్టేస్తాను. కాబట్టి ఈ కథ మీరే ఆమెకు చెప్పండి. తువ్వాలు దగ్గర కాస్త మెల్లగా చెప్పండి. చేపల నీళ్ల దగ్గర ఎంత నవ్వినా పర్వాలేదు.

ఒక్క మాట. చెప్పే ముందు, ఆమె గ్యాస్ కట్టేసిందో లేదో అడగండి. ఇంకోసారి అడగండి.