గీత గీసిన ఫారం

ముంబైలోని కామాటిపురా పదో గల్లీలో, వరస గదుల చాల్‌లో ఉండే సారికకు ఏ కాగితమైనా పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివే అలవాటు. తల్లి రత్నాబాయికి చదువు రాదు కనుక ఇంటికొచ్చినవన్నీ చిన్నప్పటినుంచీ తనే చదివి చెప్పేది. తల్లి పోయిన పద్దెనిమిదో రోజున, గ్యాస్ కనెక్షన్ తన పేరుకు మార్పించుకోవడానికి బయల్దేరింది. "అక్కా, అడ్రస్ ముంబై సెంట్రల్ అని చెప్పు. కామాటిపురా అంటే ఒళ్ళమ్ముకునే గల్లీలే అనుకుంటరు, మంచిగ చూడరు," అన్నాడు తమ్ముడు తుషార్. "అమ్మ ఈడనే పుట్టింది, ఈడనే పోయింది. ఇంకోటి ఎందుకు చెప్పాలె?" అంది.

ఏజెన్సీలో గుమస్తా ఫారం నింపుతూ, అడ్రసు వినగానే ఆమెను ఎగాదిగా చూశాడు. చనిపోయినామె భర్త పేరు రాయాల్సిన చోట, అడగకుండానే గీత గీశాడు. "అక్కడివాళ్ళకు ఇది ఉండదులే," అని హిందీలో నవ్వాడు.

సారిక కూడా హిందీలోనే గట్టిగా అడిగింది: "మా అమ్మ నలభై ఏళ్ళు ఇటుకలు మోసింది. ఆమె భర్త పేరు బుచ్చన్న. ఒళ్ళమ్ముకుని బతికే ఆడదైనా సరే, చచ్చినాక ఆమెను చూసి నవ్వడానికి నువ్వెవడివి?"

గుమస్తా గీత మీదే పేరు ఇరికించబోయాడు.

"కొత్త ఫారం తియ్యి."

అతను తీశాడు, పేరు రాశాడు, స్టాంపు వేశాడు. అప్పటికీ సారిక కదల్లేదు. పాత ఫారం అడిగి తీసుకుని, అతని కళ్ళముందే నాలుగు ముక్కలుగా చింపి, అప్పుడు వెనక్కి తిరిగింది.