నీలం చొక్కాలో చేతికుట్టు

పెద్దకోడలికి అనుమానం చొక్కా దగ్గర పుట్టింది.

తోడికోడళ్లిద్దరూ కలిసి నడిపే కుట్టు దుకాణం అది. చిన్నకోడలు గుడ్డ కత్తిరిస్తుంది, పెద్దకోడలు మిషన్ మీద కుడుతుంది. కత్తెర పట్టుకుంటే పెద్దామెకు చెయ్యి వణుకుతుంది. చిన్నామె చేతిలో మాత్రం గుడ్డ నీళ్లలా రెండుగా విడిపోతుంది. చిన్నామె లేని రోజున దుకాణం తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. ఆ సంగతి పెద్దామె ఎవరితోనూ అనదు, తనతో తాను కూడా.

అందుకే వీధి చివర అద్దాల తలుపులతో కొత్త దుకాణం వెలిసి, కటింగ్ తెలిసినవారు కావాలని బోర్డు పెట్టినప్పటి నుంచి ఆమెకు ఒక కన్ను సూది మీద, ఒక కన్ను చిన్నామె మీద.

ఆ రోజు చిన్నామె పై అరలోంచి గుడ్డ తీయబోయి చెయ్యెత్తింది. ఒంటి మీది నీలం చొక్కా పక్కకుట్టు బయటపడింది. చొక్కాను లోపలికి బిగించారు. మిషన్ కుట్టు కాదు, చేతికుట్టు. దారి తప్పిన చీమల్లా వంకరటింకరగా పోతోంది.

ఎదురుగా మిషన్లు పెట్టుకుని ఇంట్లో దొంగచాటుగా చేత్తో కుట్టుకోవడమేమిటి? అసలు మనిషి ఎందుకు చిక్కింది? లోపల ఏదో నలుగుతుంటేనే గదా మనిషి చిక్కేది!

అప్పుడు మిగతావీ గుర్తొచ్చాయి. కొన్నాళ్లుగా మధ్యాహ్నం తిండి కాగానే, కుట్టిన బట్టలు సంచిలో వేసుకుని "ఇచ్చొస్తానక్కా" అని వెళ్తోంది. ఎవరి బట్టలు వాళ్లే వచ్చి పట్టుకెళ్లే దుకాణంలో ఈ కొత్త మర్యాదేమిటి? తిరిగొచ్చేసరికి ఒళ్లంతా చెమట. మొహంలో మాత్రం కిటికీ తెరిచినంత వెలుగు.

"పక్క సందుకి ఇంతసేపా?"

"మాటల్లో పడ్డానక్కా."

"ఎవరితో?"

"ఇంకెవరితో, మనవాళ్లతోనే."

ఆ 'మనవాళ్లు' పెద్దామె గొంతులో దారప్పోగులా అడ్డం పడింది. రాత్రి మొగుణ్ణి కదిపింది.

"మీ తమ్ముడు మీతో ఏమైనా అన్నాడా?"

"జలుబు చేస్తే తప్ప వాడు నాతో మాట్లాడతాడా?"

మరునాడు చిన్నామె సంచి పట్టుకుని వెళ్లగానే పెద్దామె దుకాణానికి గొళ్లెం పెట్టి వెంటబడింది. చిన్నామె చకచకా నడుస్తోంది. అద్దాల తలుపులు దగ్గరపడ్డాయి. చిన్నామె అటు తలైనా తిప్పకుండా దాటిపోయింది.

హమ్మయ్య అనుకోబోయి పెద్దామె ఆగింది. అక్కడ ఆగలేదంటే వాళ్లతో మాట ఎప్పుడో అయిపోయిందన్నమాట!

చిన్నామె ఓ అపార్ట్‌మెంటులోకి తిరిగింది. లిఫ్టు తెరుచుకునే ఉన్నా మెట్లెక్కింది. పైన ఎక్కడో తలుపు తెరుచుకుంది, మూసుకుంది. బట్టలు ఇచ్చేసినట్టే. కానీ అడుగుల చప్పుడు ఆగలేదు. పైకి పోయి పలచబడింది, కిందికొచ్చి చిక్కబడింది, మళ్లీ పైకి పోయింది. కింది మెట్టు మీద కూర్చుని పెద్దామె వింటోంది. కాలితో తొక్కే పాత మిషన్ చప్పుడులా ఉంది.

చివరికి చిన్నామె రొప్పుతూ దిగింది.

"అక్కా! దుకాణం ఎవరు చూస్తున్నారు?"

"అది నీకెందుకు? కొత్త దుకాణం వాళ్లిల్లు ఏ అంతస్తులో ఉందో చెప్పు."

"వాళ్లెవరు? నేను మెట్లెక్కుతున్నా."

"వినపడింది. ఎందుకు?"

"ఎక్కడానికే!" చిన్నామె గోడకు ఆనుకుంది. "షుగరు గుమ్మంలో నిలబడిందంది డాక్టరమ్మ. రోజూ నడవమంది. లేస్తే పొయ్యి, పిల్లల బడి, మామయ్యగారి మందులు, తర్వాత కత్తెర. నడకను ఎక్కడ ఇరికించను? ఈ సంచిలో ఇరికించాను."

"నాతో చెప్పొచ్చుగా."

"పొద్దున కాస్త నడిచి, ఆలస్యంగా వస్తానని అడిగానుగా. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ల ముందే 'మహారాణిగారు షికారుకెళ్తారట, గొడుగు పట్టండే' అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

పెద్దామెకు ఆ నవ్వులు గుర్తున్నాయి. చిన్నామె మొహం గుర్తులేదు.

"మరి చొక్కా?"

"నీ ముందు బిగించుకుంటే ఇంకో మాటంటావని."

ఇద్దరూ దుకాణానికి తిరిగొచ్చారు. రాగానే పెద్దామె చెయ్యి చాపింది. "వేరేది తొడుక్కుని ఆ చొక్కా ఇటు తే. ఆ కుట్టు చూస్తే వచ్చేవాళ్లు గుమ్మంలోంచే పారిపోతారు." కుట్టంతా విప్పి మిషన్ కింద పెట్టింది.

"లోపల మిగిలిన గుడ్డ కత్తిరించెయ్యనా?" చిన్నామె కత్తెర తీసింది.

"ఉండనీ. నీ మెట్ల మీద నాకంత నమ్మకం లేదు."

సూది కాసేపు నడిచింది. ఆగింది.

"నిజం చెప్పు. ఆ అద్దాల దుకాణం వాళ్లు నిన్నసలు అడగనే లేదా?"

"అడిగారు."

"ఏమన్నావు?"

"నేను కత్తిరిస్తే కుట్టేదెవరని అడిగాను. ఎవరినో చూపించారు. ఆమె కుట్టు చూసి వచ్చేశాను."

పెద్దామె తల దించుకుని దారం తెంపింది. మర్నాడు మధ్యాహ్నం చిన్నామె చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కొక్కేనికి సంచి లేదు. పెద్దామె గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

"ఇవాళ నేనిచ్చొస్తా. రేపు నువ్వెళ్లు."

"నువ్వెందుకక్కా?" చిన్నామె అనుమానంగా కళ్లు చికిలించింది.