మొదటి వరుసలో శ్రీరామజయం

తమిళనాట ఉన్నా, మా పోదనూరు భజన గోష్ఠిలో అందరిదీ ఇంట్లో తెలుగే. తెలుగు చదవడం మాత్రం అత్తమ్మకూ నాకూ తప్ప ఎవరికీ రాదు, మిగతావాళ్లు చదివింది తమిళమే. పుస్తకం చూసి అందరిచేతా పాడించే ఆమె కళ్లు మసకబారాక, "ఈ ఏకాదశికి మనిషికో చదవగలిగే కాగితం ఇస్తే సరి, లేకపోతే ఇకమీద అరవం పాటలే" అన్నారు పెద్దలు. చిన్నప్పటి నుంచి నోటికి పట్టిన కీర్తనలు నా కాలంలో ఆగిపోకూడదనుకున్నాను.

తెలుగు కీర్తనను తమిళ అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రామును పైథాన్‌లో రాశాను. నా లాప్‌టాప్‌లో పైథాన్‌ను నేనే పిలిచి ఫైలు చేతికిచ్చేదాన్ని. మందిరంలోని లినక్స్ కంప్యూటర్‌లో ఎవరైనా ఫైలు పేరు కొడితే చాలు, కాగితాలు రావాలి. ఏకాదశి ముందురోజు కొట్టి చూశాను. తెరనిండా తప్పులే.

కంప్యూటర్ల పనిలోనే ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, నా ఫైలులోని పై వరుసలు చదివి వినిపించాను.

"శ్రీరామజయం ఎందుకక్కా పైన?"

"సరుకుల చీటీకి కూడా పెడతాం కదరా!"

"ఫైలు మొట్టమొదట హ్యాష్, ఆశ్చర్యార్థకం (#!) ఉన్నాయా అని చూస్తుంది సిస్టం. ఉంటే, ఆ పక్కన రాసిన దారిలో పోయి, ఫైలును చదివే ప్రోగ్రామును పిలుస్తుంది. లేకపోతే, మనం కొట్టే ఆదేశాలు అందుకొనే షెల్ అది తన భాషే అనుకొని చదివేస్తుంది. నీ పైథాన్ దానికేం అర్థమవుతుంది? సామిని రెండో వరుసకు దింపు."

"నిన్ను దింపుతా. ఎక్కడైనా ముందు ఆయనే."

"అయితే నువ్వూ ఆయనా చూసుకోండి," అని నవ్వాడు.

నేను నవ్వలేదు. "ఆ దారిలో ఏ పేరైనా ఉండొచ్చా?" అన్నాను.

"ఆ పేరుతో అక్కడ ఒక ప్రోగ్రాము ఉంటే చాలు. పేరు ఏ భాషదైనా దానికి పనిలేదు."

ఫోన్ పెట్టేసి, అన్ని ఫోల్డర్లకూ పైన శ్రీరామజయం అనే పేరుతో ఒక లింకు చేసి, దాన్ని పైథాన్ వైపు తిప్పాను. ఫైలు మొదటి వరుసలో హ్యాష్, ఆశ్చర్యార్థకం, దారికి ముందుండే ఏటవాలు గీత, వెంటనే స్వామి పేరు. కళ్లు మూసుకొని దండం పెట్టి, ఫైలు పేరు కొట్టాను. సిస్టం ఆ పేరు పట్టుకొని నేరుగా పైథాన్ దగ్గరికి పోయింది. ప్రింటర్ కదిలింది.

మర్నాడు గోష్ఠిలో కాగితాలు పంచాను. తమిళంలో 'క'కూ 'గ'కూ ఒకే అక్షరం కాబట్టి తడబాట్లు తప్పలేదు. గోష్ఠిలో ఒకరింటికి తిరుమంగళం నుంచి వచ్చిన కొత్త కోడలు కాగితం చూసి, అత్తమ్మ ఎత్తుకొనేలోపే పల్లవి అందుకుంది. అత్తమ్మ తాళం వేస్తూనే, "గోవిందా అమ్మా, కోవిందా కాదు. మళ్లీ అను," అంది.

అందరూ మళ్లీ అన్నారు.