ఎవరింట్లోనూ నీళ్లు తాగని మనిషి

మా వీధిలో అందరూ ఒక్క మాట మీద నిలబడే విషయం ఒకటే ఉంది. సర్దుబాటమ్మ అంటే ఎవరికీ పడదు. నాకైతే ఆమె మొహం చూస్తేనే ఒళ్లు మండేది. ఈ మాట ఆమె ఎదుటే అన్నాను కాబట్టి ఇక్కడ దాచాల్సిన పని లేదు.

ఎదురుగా ఉంటే పిన్నిగారూ అంటాం. వెనక్కి తిరగ్గానే సర్దుబాటమ్మ. ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సు డిపోలో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చుంది. బస్సు రాకపోయినా, కండక్టరు కసురుకున్నా, పెట్టె పోయినా జనం వచ్చి ఆమె మీదే విరుచుకుపడేవారు. జీతం తీసుకుని తిట్లు తిన్న మనిషి, రిటైరయ్యాక జీతం లేకుండా తినడం మొదలుపెట్టింది. భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. వీధి చివర చిన్న ఇల్లు. ఒకసారి గేటుకి అడ్డంగా బండి పెట్టారని రెండిళ్లవాళ్లు కొట్టుకుంటుంటే, ఈమె వెళ్లి మధ్యలో కూర్చుంది. నిజంగానే కూర్చుంది, ఇంట్లోంచి మడత స్టూలు తెచ్చుకుని. ఎవరు పిలిచారు, ఎవరు నియమించారు అంటే చెప్పలేను. ఆ రోజు నుంచి ఎవరు జుట్లు పట్టుకున్నా ఆమెకి కబురు వెళ్లేది.

ఆమె పద్ధతులు చూస్తే పిచ్చెక్కేది. గొడవపడ్డ ఇద్దరిలో ఎవరి ఇంట్లోనూ అడుగుపెట్టదు. రెండు గుమ్మాలకీ నడుమ రోడ్డు మీద స్టూలు వేసుకుంటుంది. దాని పక్కన తన నీళ్ల సీసా. నెత్తి మాడిపోయే ఎండలోనూ అంతే. ఈ వీధిలో ఎవరింట్లోనూ ఆమె గుక్కెడు నీళ్లు తాగి ఎరుగదు. పెళ్లికి పిలిస్తే గుమ్మం దగ్గరే నిలబడి పిల్లల తల నిమిరి వెళ్లిపోయేది, భోజనానికి కూర్చునేది కాదు. "ఏం, మా ఇంటి నీళ్లలో విషం కలుపుతామా?" అని ఒకసారి నేనే అడిగాను.

"ఇవాళ నీ ఇంట్లో తాగితే, రేపు నీతో గొడవపడ్డవాళ్లు నా మాట ఎందుకు వింటారు?" అంది.

"నాతో ఎవరు గొడవపడతారు?" అన్నాను.

ఆమె సీసా మూత బిగించుకుని వెళ్లిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

రెండో పద్ధతి ఇంకా ఘోరం. ఎవరి బాధ వాళ్లు చెప్పుకోవడానికి లేదు. ముందు ఎదుటివాడి బాధేమిటో నువ్వు చెప్పాలి. అది విని ఎదుటివాడు "అవును, అదే" అనాలి. అప్పుడే నీ వంతు. తిట్టుకుందామని ఉత్సాహంగా వచ్చినవాళ్లకి ఇంతకంటే శిక్ష ఏముంటుంది? చాలామంది సగంలోనే నీరుకారిపోయి ఇంటికి పోయేవారు. పోతూ పోతూ ఇద్దరూ కలిసి ఆమెను తిట్టుకునేవారు. అలా చాలా గొడవలు తీరాయి, ఒప్పుకుంటాను.

అలాంటి మనిషి ముందు నేను కూర్చోవాల్సి వచ్చింది.

నేను టైలర్ని. మా ఆయన లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఇంట్లో నేనూ, నా ఆడపడుచూ, మోటారు బిగించిన కుట్టు మిషనూ. ముందు గదికి ఒకటే కిటికీ. ఆ కిటికీ కింద మిషను. బడి పిల్లల యూనిఫారాలు, కోట్లు, అన్నీ ముదురు రంగులు. నల్ల బట్ట మీద నల్ల దారం వెయ్యాలంటే నాకు పగటి వెలుతురు కావాలి. బల్బు కింద నా కళ్లు పనిచెయ్యవు. అంటే ఆ కిటికీ ఉంటేనే నా బతుకు.

ఆ కిటికీ పక్క గోడకి అవతల లెక్కల మాస్టారి పడకగది. రిటైరైన మనిషి. ఆయన భార్యకి నడుముకి ఆపరేషన్ అయింది, మంచం దిగలేదు. నేను మిషను వెయ్యగానే ఆయన గోడ మీద చేతికర్రతో దబదబా బాదేవాడు. ఆయన బాదితే నేను ఇంకా గట్టిగా తొక్కేదాన్ని. ఆయన గుమ్మంలోకి వచ్చి "నీది పని కాదు, మోత" అనేవాడు. నేను ఊరుకునే రకమా? "మీది జబ్బు కాదు, చాదస్తం" అనేదాన్ని. వీధి వీధంతా వినేది.

చివరికి రెండు వాటాలకీ ఓనరైన పెద్దమనిషి దిగాడు. "మీ ఇద్దరి గోలా నాకొద్దు. పిన్నిగారి ముందు తేల్చుకోండి. తేలకపోతే నువ్వు ఖాళీ చెయ్యి. మాస్టారు పాత మనిషి, ఆయన్ని పంపలేను" అన్నాడు.

నా పీకల మీదకొచ్చింది. మోటారు మిషను అనగానే ఇల్లు ఎవరూ ఇవ్వరు. ఇచ్చినా కిటికీ ఉండాలి, కిటికీ ఉన్నా నా బట్టలవాళ్లు అంత దూరం రావాలి. నా బతుకంతా తీసుకెళ్లి ఆ స్టూలు ముందు పెట్టాడు.

మొదటిసారి కూర్చున్నప్పుడు సర్దుబాటమ్మ నావైపే తిరిగింది. "మాస్టారి బాధేంటో చెప్పు."

"ఆయనకి పొద్దుపోవట్లేదు. అదీ బాధ."

"అవునా మాస్టారూ?"

"కాదు" అన్నాడాయన.

"అయితే ఆయనకి నేనంటే గిట్టదు."

"అవునా?"

"అది నిజమే గానీ, నా బాధ అది కాదు."

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. నాకు మండింది. "మిషను చప్పుడు, ఇంకేముంటుంది? చెవుల్లో దూది పెట్టుకోమనండి" అన్నాను. మాస్టారు మళ్లీ కాదన్నాడు. సర్దుబాటమ్మ లేచి స్టూలు మడిచింది. "నీకు తెలీదు. తెలిసినప్పుడు పిలువు" అని చక్కా పోయింది. నాకేదో పరీక్ష పెట్టినట్టు. ఆ పూటంతా ఆమెను తిట్టి తిట్టి నా గొంతు బొంగురుపోయింది. ఆడపడుచు చెవులు మూసుకుంది.

మర్నాడు మళ్లీ గోడ మీద దబదబా. ఇక నావల్ల కాలేదు. మిషను మీద ఆడపడుచుని కూర్చోబెట్టి, "నువ్వు కుడుతూనే ఉండు, ఇవాళ ఆయన సంగతో నా సంగతో తేలిపోవాలి" అని కొంగు బిగించి పక్కింటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. మాస్టారు అప్పుడే మందుల షాపుకి బయల్దేరాడట. లోపల ఆవిడ ఒక్కతే పడుకుని ఉంది.

తిట్టడానికి వెళ్లినదాన్ని, ఎవర్ని తిట్టను? గుమ్మంలోనే నిలబడ్డాను. అవతల ఆడపడుచు మిషను వేసింది. చప్పుడు పెద్దగా ఏమీ లేదు, తుమ్మెద మూలిగినట్టుంది. ఇంతేనా అనుకున్నాను. అప్పుడు చూశాను. ఆవిడ పడుకున్న ఇనప మంచం సన్నగా వణుకుతోంది. పక్క బల్ల మీద మందు గ్లాసులో చెంచా టకటకమంటోంది. మంచం తలాపు గోడకి ఆనుకుని ఉంది. నా మిషను కాళ్లూ అటువైపు అదే గోడకి ఆనుకుని ఉన్నాయి. వణుకు గోడలోంచి నేరుగా ఆవిడ నడుములోకి వెళ్తోంది. ఆవిడ కళ్లు మూసుకుని, పంటి బిగువున దుప్పటి అంచు పట్టుకుని ఉంది.

"వదినగారూ, మంచం ఇటు జరపలేకపోయారా?" అన్నాను.

"ఎటు జరుపుతాం తల్లీ? గది చూశావుగా."

గదంతా మంచమే. పక్కన బల్ల, బల్ల పక్కన గోడ. నేను ఇంటికొచ్చాను. మిషనుని గోడకి జానెడు దూరం లాగాను. పాత రబ్బరు చెప్పులు కోసి నాలుగు కాళ్ల కిందా పెట్టాను. కిటికీ వెలుతురు కొంచెం తగ్గింది, ఫరవాలేదు, కనిపిస్తుంది. మాస్టారి మీద జాలి పడి చేశానని ఎవరూ అనుకోవద్దు. ఆయన బాధేంటో నాకు తెలిసిందని సర్దుబాటమ్మ మొహం మీద కొట్టినట్టు చెప్పాలి, అదే నా పట్టుదల.

రెండోసారి కూర్చున్నాం. ఈసారి ఓనరు కూడా వచ్చి నిలబడ్డాడు.

"మాస్టారి బాధ చప్పుడు కాదు, వణుకు" అన్నాను. "నా మిషను గోడకి తగిలి ఆవిడ మంచం వణికేది. ఆపరేషనైన నడుము. ఆవిడ నొప్పికి ఓర్చుకుంటుంటే ఈయన చూడలేక గోడ బాదేవాడు. మొన్ననే మిషను ఇవతలకి లాగాను."

"అదే" అన్నాడు మాస్టారు, ఎవరో మెడలు వంచి అనిపించినట్టు.

"ఇప్పుడు మీ వంతు" అంది సర్దుబాటమ్మ. "ఈ పిల్ల బాధేంటో చెప్పండి."

ఆయన చెప్పలేదు. ఆమె అడుగుతూనే ఉంది. కిటికీ ఈ పిల్లకి ఎందుకు కావాలి మాస్టారూ, బల్బు పెట్టుకోకూడదా, ఎందుకని కుదరదు. నోటికి అందించినట్టే అడిగింది. ఆయన మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. ఆఖరికి అన్నాడు, "జీవితమంతా పిల్లల చేత పాఠాలు అప్పజెప్పించుకున్నవాణ్ణి. ఇప్పుడు ఈ మిషను మనిషి పాఠం నేను అప్పజెప్పాలా? నావల్ల కాదు. తేలలేదని ఓనరుగారికి చెప్పెయ్యండి."

"తేలలేదు కదా" అన్నాడు ఓనరు వెంటనే. అదే కాచుకుని ఉన్నట్టు. "అయితే అనుకున్న ప్రకారం నువ్వు ఖాళీ చెయ్యమ్మా."

నేను వెనక్కి తిరిగి నా కిటికీ వంక చూశాను.

సర్దుబాటమ్మ లేచింది. స్టూలు మడిచింది. ఇక వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె నేరుగా నా గుమ్మం ఎక్కి లోపలికి వచ్చింది. కొలతలిచ్చేవాళ్లు కూర్చునే కుర్చీలో కూర్చుంది. తలుపు బార్లా తెరిచే ఉంది, వీధంతా చూస్తోంది.

"మంచినీళ్లివ్వు" అంది.

నాకు అర్థం కాలేదు. "మీ సీసా బయటుంది పిన్నిగారూ" అన్నాను.

"నీ ఇంట్లోవి ఇవ్వు."

గ్లాసు నింపి ఇచ్చాను. ఆమె ఎత్తిపట్టి గటగటా తాగింది. అందరికీ కనపడేలా, చివరి చుక్కదాకా.

"అంటే మీరు ఇక మధ్యవర్తి కారు" అన్నాడు మాస్టారు రోడ్డు మీంచి.

"కాను. ఇప్పుడు నాకూ నోరుంది, వినండి" అంది. ఆమె గొంతు అంత పెద్దదని మాకు ఆ రోజే తెలిసింది. "మీ ఆవిడ మంచం మొన్నటినుంచి వణకట్లేదు. ఇప్పుడెలా ఉందే అని ఒక్కసారి అడిగారా ఆవిడని? అడగరు. నొప్పి తగ్గిపోతే మీ పంతం ఏమైపోవాలి? గెలవాలి మీకు. గెలుపు తీసుకెళ్లి నెత్తిన పెట్టుకుని ఊరేగండి." ఓనరు వైపు తిరిగింది. "నువ్వు అద్దెకిచ్చేటప్పుడు మిషను కనపళ్లేదా? అప్పుడు కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు? పాత మనిషట, పాత మనిషి. మెత్తగా ఉన్నవాళ్లనే కదూ తోసేది?" నేను లోలోపల మురిసిపోతుంటే నా మీదకి తిరిగింది. "నువ్వు ఇకిలించకు. నీ నోరు మంచిదైతే ఈ గోల గోడ దాటేదే కాదు."

డిపో కిటికీ దగ్గరినుంచి మింగుతూ వచ్చినదంతా ఆ పూట కక్కేసింది. ఆమె ఆయాసపడుతూ ఆగినప్పుడు మాస్టారి ఇంట్లోంచి సన్నటి గొంతు వినపడింది. "మంచం కదలట్లేదండీ. ఆ మిషను అక్కడే ఉండనివ్వండి."

మాస్టారు తల దించుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఓనరు మెల్లగా జారుకున్నాడు. నా కిటికీ నాకు దక్కింది.

"నేనంత మంచిదాన్ననుకున్నారా?" అని అడిగాను, గ్లాసు తీసుకుంటూ.

"నువ్వా? మంచిదానివా?" అంది. "నువ్వు చెప్పావు, ఆయన చెప్పలేదు. అంతే."

కొద్ది రోజులకే ఎదురింటి అన్నదమ్ములు రోడ్డెక్కారు. అన్న కారు కడిగిన నీళ్లు తమ్ముడి గుమ్మంలోకి పారాయట. మాటా మాటా పెరిగి చొక్కాలు పట్టుకున్నారు. సర్దుబాటమ్మ అలవాటు కొద్దీ స్టూలూ సీసా పట్టుకుని పరుగున వచ్చింది. స్టూలు విప్పబోతుంటే అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరొద్దు. మీరు టైలరమ్మ మనిషి."

"మీ గొడవకీ ఆమెకీ ఏం సంబంధం?"

"ఒకరింట్లో తాగారు కదా, రేపు మా తమ్ముడింట్లో తాగరని నమ్మకమేంటి?"

తమ్ముడూ అదే అన్నాడు. అప్పటిదాకా చొక్కాలు పట్టుకున్న ఇద్దరూ ఆ ఒక్క మాట మీద కలిశారు. చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరూ కాదనలేదు. నేను అరవబోయాను. నేను అరిస్తే అదే నిజమైపోతుందని నోరు మూసుకున్నాను. నాకు జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి లేదు.

ఆమె స్టూలు మడుచుకుని నా ఇంట్లోకి వచ్చి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. అడక్కుండానే నీళ్లిచ్చాను. తాగలేదు, ఒళ్లో పెట్టుకుంది. నేను మిషను వేశాను.

"కాసేపు ఆపు" అంది. "వినపడట్లేదు."

ఆపాను. బయట అన్నదమ్ముల అరుపులు. ఆమె కిటికీ ఊచలకి చెవి ఆనించి, పెదాలు కదుపుతోంది. దగ్గరికి వెళితే వినపడింది. "నీళ్లు కాదురా నీ తమ్ముడి బాధ. కారు కొన్నప్పుడు వాడితో మాట మాత్రం చెప్పలేదు. అదే కదూ? అవును, అదే." కాసేపు ఆగి, ఇంకోవైపు తిరిగినట్టు, "మీ అన్న బాధ వేరే. నువ్వు మొహం చాటేస్తున్నావు. అంతేనా? అవును, అదే."

ఇద్దరి తరఫునా తనే చెప్పింది, ఇద్దరి తరఫునా తనే ఒప్పుకుంది. బయట ఏదో అద్దం పగిలిన చప్పుడైంది. ఆమె కళ్లు మూసుకుంది.

ఆ పూట ఇవ్వాల్సిన కోటు మిషను మీద అలాగే ఉంది. దానికోసం మనుషులు వచ్చి, తిట్టి వెళ్లారు. వాళ్లిద్దరూ అరవడం మానేదాకా నేను మిషను వెయ్యలేదు.