టర్బో బటన్ ఉన్న పెట్టె

మొన్న భేస్తాన్ దారిలో పాత ఇనుము కొట్టు ముందు ఆగాను. ఆ దారిలో నాకేం పని అని ఎవరైనా అడిగితే చెప్పలేను. విరిగిన కూలర్ల కింద ఒక కంప్యూటర్ పెట్టె, ముందువైపు టర్బో అని రాసిన చిన్న బటన్‌తో కనిపించింది. దాన్ని నొక్కితే యంత్రం వేగం మారేదని మన వయసువాళ్ళకు చెప్పనక్కర్లేదు. కొట్టువాడు మాలాగే ఈ పరాయి రాష్ట్రానికి వలసొచ్చిన తెలుగువాడే. "గిదెవ్వడు కొంటడు సేటు, ఊకెనే తీస్కపో" అన్నాడు. మా ఇంట్లో ఎవరూ ఏదీ ఊరికే తీసుకోలేదు. పట్టుబట్టి ధర చెప్పించుకుని, ఇచ్చి, ఇస్త్రీ చొక్కా నలిగినా లెక్కచేయకుండా పెట్టెను ఎత్తుకుని ఆటో ఎక్కాను.

సలాబత్‌పురాలో మా నాన్నగారి మగ్గాల షెడ్డు నడిచిన రోజుల్లో, చీరల డిజైన్ల కోసం మా వీధిలో మొట్టమొదట కంప్యూటర్ తెప్పించింది ఆయనే. పగలు దాని ముందు డిజైన్ మాస్టారు కూర్చునేవారు. సాయంత్రం ఆయన లేవగానే నేనూ అక్కా ఒకే కీబోర్డు మీద చెరోవైపు చేతులు పెట్టి, గోడ అవతలి మగ్గాల చప్పుడుకు బల్ల అదురుతుంటే, కార్ల పందెం ఆడేవాళ్ళం. నా కారు గుద్దుకున్నప్పుడల్లా నూలు మోసే మామ తలుపులోంచి తొంగిచూసి, "ఏంది చిన్న సేటు, మల్ల గుద్దినవా? రేపు షెడ్డు గూడ గిట్లనే నడుపుతవా?" అని నవ్వేవాడు. మొదట్లో ఓడినా, కాసేపటికి ఎందుకో నా చేయి కుదిరేది, గెలిచేవాణ్ణి. నీ చెయ్యి మంచిది తమ్మీ, అనేది అక్క. ఎడమవైపు కూర్చునే ఆమె కాళ్ళ దగ్గర ఉండేది పెట్టె.

తర్వాత మగ్గాలు చేతులు మారాయి. వాటిని కొన్న వ్యాపారి దగ్గరే అక్క డిజైన్లు వేసే పనికి చేరింది. అది మన ఇంటికి తగదని చెప్పి ఆమె గడప తొక్కడం మానేశాను. ఆమె ఇల్లు ఆ ఇనుము కొట్టుకు రెండు సందుల అవతలే.

పాత బోర్డు, లావు మానిటర్, ఫ్లాపీ డ్రైవు ఒక్కొక్కటీ వెతికి తెచ్చి, మాకు మిగిలిన ఒక్క గదిలో యంత్రాన్ని నిలబెట్టాను. నాన్నగారి బీరువాలోని ఫ్లాపీల్లో మా ఆటది ఇంకా పనిచేస్తోంది. కానీ వేలు ఆనేలోపే నా కారు గోడకు గుద్దుకుంది. బటన్ తీగ తగిలించలేదని గుర్తొచ్చి, తగిలించి, వంగి నొక్కాను. కార్లు నెమ్మదించాయి, మలుపులు నా చేతికి అందాయి. చిన్నప్పుడు నేను గెలిచిన వేగం ఇదే. అక్క కాలి బొటనవేలితో నొక్కేదన్నమాట.

తెర మీద ఆమె ఎర్ర కారు బయలుదేరే గీత దగ్గరే నిలబడి ఉంది. ఫోనులో దాని ఫొటో తీసి, ఒక్క మాటా రాయకుండా పంపాను. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"కింద బటన్ పన్జేస్తుందా తమ్మీ?"

పనిచేస్తోందని రాశాను. రమ్మని రాయడానికి చేయి రాలేదు.

ఇప్పటి యంత్రాలకు ఆ బటన్ ఉండదు. పక్కన కూర్చున్నవాడి చేతికి తగ్గట్టు నెమ్మదించడం వాటికి తెలియదు. ఈ వీధిలో ఇప్పుడు మగ్గాల చప్పుడూ లేదు. ఇంకో కుర్చీ తెచ్చి ఎడమవైపు వేసి, పెట్టెను దాని కాళ్ళ దగ్గరకు జరిపాను.