రొయ్యలు గట్టుకొచ్చిన పాట

ఒక్క జోలపాట వల్ల ఒక చెరువు రొయ్యలు, ఒక కాలేజీ పరువు, మా అమ్మ దగ్గర నాకున్న కాస్త మంచిపేరు, అన్నీ ఒకేసారి ప్రమాదంలో పడ్డాయంటే మీరు నమ్మరు. పాడిన పిల్ల తప్పేం లేదు. గిటారు వాయించినవాడి తప్పూ లేదు. తప్పంతా ఆ పాట రికార్డు చేసిన మహానుభావుడిది. ఆయన పేరు చెప్పడం నాకిష్టం లేదు గానీ, రోజూ అద్దంలో కనిపిస్తూనే ఉంటాడు.

అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ మూడో ఏడు. మాది ముగ్గురి బ్యాండు. లావణ్య పాడుతుంది, కిషోర్ గిటారు వాయిస్తాడు, నేను సౌండ్ ఇంజనీర్ని. అంటే ఏ వాయిద్యమూ రానివాడినన్నమాట. వార్షికోత్సవానికి ఒక పాత సినిమా జోలపాటని మా పద్ధతిలో చేసి వినిపిద్దామనుకున్నాం. కాలేజీ మైకులకి పాట మధ్యలో నిద్రపోయే జబ్బుంది. అందుకని రికార్డింగు వేసేస్తే, స్టేజి మీద లావణ్య పెదాలు కదిపితే చాలని ఏర్పాటు. ఏలూరు నుంచి మా అమ్మ కూడా వస్తానంది. వస్తూ ఒక షరతు పెట్టింది.

"ఈ పాటల పిచ్చితో ఎవరికైనా నష్టం చేశావని నా చెవిన పడిందో, ఆ లాప్‌టాప్ అటకెక్కుద్ది!"

గూడెంలో రికార్డింగంటే మాటలా? లావణ్య గొంతు సవరించుకునేలోగా గూడ్సుబండి కూస్తుంది. అది వెళ్ళగానే పక్కింటావిడ మిక్సీ వేస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది, కలిదిండిలో మా సత్యం మావయ్య రొయ్యల చెరువు. గట్టున షెడ్డు, షెడ్డు నిండా మేత బస్తాలు. వాటిని చుట్టూ పేరిస్తే గొంతు గోడలకి తగిలి తిరిగి రాదు. కంపు కొడతాయి గానీ, కంపు రికార్డవదు కదా!

మావయ్య గురించి ఒక్క ముక్క చెప్పాలి. మామూలుగా నన్ను "ఒరే అల్లుడూ" అంటాడు. కోపం వచ్చేకొద్దీ మర్యాద పెరుగుతుంది. "అండీ" దాకా వస్తే జాగ్రత్తపడాలి, "తమరు" దాకా వస్తే పారిపోవాలి.

ముసురు పట్టిన ఒక ఉదయం వెళ్ళాం. మావయ్య చెరువు కాపలా మనిషిని వెంటబెట్టుకుని, రొయ్యలు కొనేవాళ్ళతో మాట్లాడటానికి కైకలూరు బయల్దేరాడు.

"ఒరే అల్లుడూ, పోయిన రెండు పంటలూ జబ్బుకే పోయాయి. ఇదే దిక్కు. వచ్చేవారమే రొయ్యల పట్టుబడి. కరెంటు పోతే వెంటనే ఫోన్ చెయ్యి."

"అలాగే మావయ్యా" అన్నాను.

తీరా హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చెవుల్లో ఒకటే హోరు. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లు!

"ఇదేంట్రా, జోలపాట వెనకాల రైసుమిల్లు ఆడుతోంది" అన్నాడు కిషోర్.

"ఆపేస్తాను ఉండు."

"ఏమన్నా అవుద్దేమో!" అంది లావణ్య.

"మేత వేసేటప్పుడు మావయ్యే ఆపుతాడు, నేను చూశాను. అయినా కరెంటు పోతే ఫోన్ చెయ్యమన్నాడు గానీ, మనం ఆపితే చెయ్యమన్లేదుగా?"

సగం తెలిసినవాడి ధైర్యం ముందు ఏమీ తెలియనివాళ్ళు నిలవగలరా? మోటార్ల స్టార్టర్లు ఆపేశాను. ఆహా, ఏం నిశ్శబ్దమండీ!

ఒక్క టేకే అనుకున్నాం. మేత ధూళికి లావణ్య తుమ్మింది. ఇంకో టేకు. కిషోర్ తీగ తెగింది. మళ్ళీ ఇంకోటి. పొద్దెక్కినా మబ్బు విడలేదు, మా పాటా తెమల్లేదు. మధ్యలో కాళ్ళు సాగదీసుకోవడానికి బయటికెళ్ళిన కిషోర్ ఒక్క కేక పెట్టాడు.

"ఒరేయ్, రండ్రా! రొయ్యలన్నీ మన పాట వినడానికి గట్టుకొచ్చేశాయి!"

నిజమే. గట్టు వెంబడి నీళ్ళ పైన మీసాలే మీసాలు. శిశువులూ పశువులూ పాములూ గానానికి లొంగుతాయన్న పెద్దలు, రొయ్యల్ని ఎలా మర్చిపోయారో! అబద్ధమెందుకు, నా కళ్ళు చెమర్చాయి.

"లావణ్యా, వాటి కోసం ఇంకొక్క టేకు!"

ఆ టేకు అద్భుతంగా వచ్చింది. చివరి చరణం అయ్యీ అవగానే గట్టు మీద మావయ్య బండి చప్పుడు. మరుక్షణం ఆయన షెడ్డులోకి దూసుకొచ్చాడు.

"ఏవండీ ఇంజనీరు గారూ! మోటార్లు తమరే ఆపారాండీ?"

మొదటి మాటలోనే "తమరు" వచ్చేసింది. పారిపోదామంటే చుట్టూ బస్తాలు.

"ఒక్క టేకు కోసం మావయ్యా... పాటకి రొయ్యలు కూడా గట్టుకొచ్చి..."

"పాటకి రాలేదండీ, ఊపిరాడక వచ్చాయండీ! పీక నొక్కి జోల పాడుతున్నారాండీ తమరు?"

అంటూనే స్టార్టర్లన్నీ వేసేశాడు. అందరం బకెట్లతో ఆక్సిజన్ గుళికలు చల్లాం. ఆ తర్వాత మావయ్య గట్టు మీద కూలబడి నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు. జన్మలో అంత సిగ్గుపడలేదు నేను. చాలాసేపటికి ఆ మీసాలు మెల్లగా నీళ్ళలోకి దిగిపోయాయి. కొన్ని పోయాయి గానీ, పంట నిలబడింది.

"ఒరే అల్లుడూ" అన్నాడు మావయ్య. ఆ "ఒరే" వినగానే నాకు ఏడుపొచ్చింది. "మీ అమ్మకి తెలిస్తే నీ పాటలు ఆగిపోతాయి. నేను చెప్పన్లే. మాటిస్తున్నా."

హాస్టల్‌కొచ్చి మిక్సింగ్‌కి కూర్చున్నాక తెలిసింది, ఆ గొడవలో మైకు ఆపడం మర్చిపోయానని. మావయ్య తిట్లు పాటకన్నా స్పష్టంగా వచ్చాయి. ఎప్పుడైనా నవ్వుకోవచ్చని ఆ ముక్కని లావణ్య రెండో చరణం పక్కనే దాచాను. నేను పేర్లు పెట్టే తీరు మీకు తెలియదు: ఫైనల్, ఫైనల్ ఫైనల్, ఇదే ఫైనల్, అమ్మతోడు ఫైనల్. వీటిలో చరణం ఏదో తిట్లు ఏవో గుర్తులేక, "ఇదే ఫైనల్" ముక్క నోరు మూసి, "అమ్మతోడు ఫైనల్" ముక్క ఉంచి పాట పూర్తి చేసేశాను. కాలేజీవాళ్ళకి ఇచ్చేముందు ఒకసారి వినాలా? వినలేదు. వంట చేసినవాడికి ఆకలుండదు, మిక్సింగ్ చేసినవాడికి చెవులుండవు.

వార్షికోత్సవం రోజు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో అమ్మ, పక్కన మావయ్య. మొదటి చరణానికి చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. రెండో చరణానికి లావణ్య కళ్ళు మూసుకుని, గుండెల మీద చెయ్యి వేసుకుని, సుతారంగా నోరు తెరిచింది.

"ఏవండీ ఇంజనీరు గారూ! మోటార్లు తమరే ఆపారాండీ?"

వెనకాల కిషోర్ గిటారు. పైన నేను కష్టపడి వేసిన ఎకో: "ఊపిరాడక వచ్చాయండీ... అండీ... అండీ..." పాపం లావణ్య ఏం చెయ్యాలో తెలియక పెదాలు కదుపుతూనే ఉంది. హాలంతా లేచి నిలబడి "వన్స్ మోర్!" అని అరుపులు.

అమ్మ మాత్రం లేవలేదు. మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది.

"ఏరా, ఇది నీ గొంతేగా? మోటార్లు ఆపిన ఇంజనీరెవడ్రా?"

మావయ్య రెండు చేతులూ పైకెత్తాడు.

"అక్కా, నేనిచ్చిన మాట మీదే ఉన్నాను. నేను చెప్పలేదు. నీ కొడుకే మైకు పెట్టి చెప్పాడు."

లాప్‌టాప్ ఆ సాయంత్రమే అటకెక్కింది.

కాబట్టి పాఠకులారా, కొల్లేటి సకల జలచరాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరి ఆవరణలోనూ తిరుగుతున్నదాన్ని దేన్నీ నా చేత్తో ఆపను. ఈనాటికీ మా ఇంట్లో ఫ్యాను సైతం మా ఆవిడే ఆపుతుంది. ఈ మాటకి తిరుగు లేదు. ఇది అమ్మతోడు ఫైనల్.